భుజం మీద రెండుసార్లు

పొద్దున్నే లేచి గది ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గరున్న మంచాన్ని గోడవారకు జరిపింది అక్క. జరిపాక నిలబడి చూసి, మళ్ళీ కిటికీ దగ్గరికే లాగింది. అమ్మకు వీధి కనబడాలి. వీధిని చూసి ఇప్పుడు అమ్మ ఏం చేసుకుంటుందో ఎవరికీ తెలియదు గానీ, ఒకప్పుడు వీధి కనబడని చోట కూర్చుంటే ఆమెకు ముద్ద దిగేది కాదు. మంచం మీద రబ్బరు షీటు, దాని మీద పాత దుప్పటి, పైన ఉతికిన దుప్పటి పరిచింది. స్నానాల గది గుమ్మం దగ్గరున్న ఎత్తును మేస్త్రీ చేత కొట్టించి చదును చేయించడం నిన్ననే అయింది. ఇంటి యజమాని సణిగాడు. సణిగితే సణిగాడు, చక్రాల కుర్చీ గుమ్మాన్ని ఎగిరి దాటదు కదా.

ఇవాళ అమ్మను తెచ్చేసుకోవాలి. తమ్ముడి దగ్గర ఇక ఒక్క పూట కూడా ఉంచకూడదు. వ్యానుకు ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసుకు సెలవు పెట్టింది. మరదలికి మాత్రం ఒక్క ముక్క మెసేజ్ పెట్టింది: "వస్తున్నా. అమ్మ బట్టలు సర్దిపెట్టు." తమ్ముడికి ఏమీ పెట్టలేదు. అమ్మ పడిపోయిన నాటి నుంచి అతనితో ఆమెకు మాటల్లేవు.

అక్కకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం రోజున తప్ప ఎవరికీ అవసరం పడదు. ఊళ్ళో బడిపిల్లలందరికీ ఆమె రూల్సక్క. మున్సిపాలిటీలో రోడ్డు భద్రత విభాగం ఆమెది. బడి బడికీ వెళ్ళి, బ్యాటరీ బళ్ళను ఎలా నడపాలో చెప్పడమే పని. ఒక బండికి ఒక్క మనిషి. తల మీద హెల్మెట్టు, గడ్డం కింద పట్టీ బిగించి. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళ సొత్తు, దాని మీదికి చక్రం ఎక్కకూడదు. స్పీడు లాకు తీయించకూడదు. చీకటి పడితే ముందూ వెనకా లైట్లు. "ఈ బండికి నోరు లేదు పిల్లలూ, చప్పుడు చెయ్యదు, ఎదుటివాడికి మీరొస్తున్న సంగతి తెలియదు. అందుకని బండి తరఫున కూడా మీరే జాగ్రత్త పడాలి" అనేది. చివర్లో ఒక పుచ్చకాయకు హెల్మెట్టు తొడిగి బల్ల మీది నుంచి వదిలేది. ఇంకొకదాన్ని హెల్మెట్టు లేకుండా వదిలేది. ఆ రెండోది పగిలినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టేవారు. తర్వాత ముక్కలు ఏరుకుని తినేవారు. ఎంతసేపు చెప్పినా వాళ్ళకు గుర్తుండేది ఆ ముక్కలే.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. అక్క రచ్చ గెలిచింది. ఇంట్లో ఏనాడూ గెలవలేదు.

అప్పట్లో నలుగురూ ఒకే ఇంట్లో ఉండేవారు. అమ్మ, అక్క, తమ్ముడు, అతని భార్య. తమ్ముడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు సానబట్టేవాడు. అమ్మ రెడీమేడ్ బట్టల షాపులో ఆల్టరేషన్లు చేసేది, ప్యాంట్ల పొడవు తగ్గించడం, చంకలు వదులు చెయ్యడం, ఊడిన గుండీలు కుట్టడం. రెండు షాపులూ నాలుగు రోడ్ల కూడలి దాటాక వంతెనకు అవతల ఉన్నాయి. బస్సు ఊరంతా చుట్టి అక్కడికి చేరేసరికి అమ్మ మోకాళ్ళు ఆమెతో తగాదాకు దిగేవి. తమ్ముడు బ్యాటరీ బండి కొన్నాడు. ఒక్క సీటుది. వెనక సంచీ పెట్టుకునేందుకు ఇనుప క్యారియరు. ఆ క్యారియరు మీద వేసుకోవడానికి అమ్మ కత్తిరించిన ప్యాంటు ముక్కలన్నీ కలిపి, లోపల దూది కూరి, రంగురంగుల మెత్త కుట్టుకుంది. నాలుగు మూలలా కట్టుకునే తాళ్ళు. "ఇదిగోనే రూల్సూ, నా సింహాసనం" అని అక్కకు చూపించి మరీ కట్టింది.

"అమ్మా, అది మనుషులెక్కేది కాదు. పట్టుకుంటారు. మొదలు పట్టుకునేది నా పరువునే" అంది అక్క.

"పట్టుకునేది కూడలిలోనేగా? అక్కడ దిగి నడుస్తా. నడిచేవాళ్ళకు కూడా రూలుందా ఏంటి?"

అలా మొదలైంది ఆ ఇంటి దిగుడు. కూడలికి కొంచెం ఇవతలే అమ్మ దిగిపోయేది. ఏమీ ఎరగని పెద్దమనిషిలా చేతిసంచీ ఊపుకుంటూ జీబ్రా గీతల మీద నడిచి, పోలీసును పలకరించి, అవతలికెళ్ళేది. తమ్ముడు ఒక్కడే ముత్యంలాంటి పౌరుడిలా హెల్మెట్టుతో ముందుకెళ్ళి బస్ షెల్టరు పక్కన ఆగేవాడు. అమ్మ మళ్ళీ ఎక్కేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, షాపుకెళ్ళి ఆ కథంతా అందరికీ చెప్పి నవ్వించేది.

అక్క ఒక హెల్మెట్టు తెచ్చి ఇచ్చింది. కనీసం ఇదైనా పెట్టుకోమంది. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "హెల్మెట్టు చేత్తో పట్టుకుని నడిచిపోతుంటే ఆ పోలీసాయన 'అమ్మా, మీ బండేదీ' అనడా? దొంగతనానికి వెళ్ళేవాడు పేరు చొక్కా మీద రాసుకుపోతాడటే?" అంది. హెల్మెట్టును కుట్టుమిషను పక్కన మేకుకు తగిలించి, అందులో దారపు రీళ్ళు వేసుకుంది. "పుచ్చకాయల్ని నేలపాలు చేసే ఉద్యోగం నీకెవరిచ్చారే? ఓ కాయ ఇంటికి పట్టుకురా, తిని పెడతాం" అని పైగా వెక్కిరించింది.

చెకింగులు రోజూ ఒకే చోట ఉండవు. ఒక వారం కూడలిలో, ఒక వారం వంతెన మొదట్లో. ఆ సంగతి రోడ్డు భద్రత విభాగానికి ముందే చెబుతారు. భోజనాల దగ్గర తమ్ముడు కంచంలోంచి తలెత్తకుండా అడిగేవాడు, "రేపు ఎక్కడక్కా?" అక్క ముందు తిట్టేది. తర్వాత నీళ్ళు తాగేది. తర్వాత గ్లాసు కింద పెడుతూ "వంతెన దగ్గర" అనో, "కూడలే" అనో గొణిగేది. వాళ్ళు పట్టుబడితే ఆఫీసులో తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అందుకని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అమ్మ ఆమె కంచంలో ఓ ముద్ద ఎక్కువ వడ్డించేది.

పడిన రోజు సంగతి అక్కకు అందరూ చెప్పగా తెలిసిందే. అమ్మకూ తమ్ముడికీ మధ్య ఒక గుర్తుండేది. ఎక్కి సర్దుకుని కూర్చున్నాక అమ్మ అతని ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టాలి. కూర్చున్నా, పోనీ అని. పెట్రోలు బండైతే కింద గుర్రుమంటుంది, కదలబోతోందని ఎక్కేవాళ్ళకు తెలుస్తుంది. దీనికి ఆ అవకాశం లేదు. ఆ పొద్దున బస్ షెల్టరు పక్కన, అమ్మ చెప్పు పట్టీ జారింది. సర్దుకోవడానికి కొడుకు భుజం పట్టుకుంది. పట్టు తప్పి మళ్ళీ పట్టుకుంది. రెండుసార్లు చెయ్యి పడింది కదా అని అతను బండి పోనిచ్చాడు. అమ్మ అప్పటికి ఒంటికాలి మీద ఉంది. వెనక్కి పడిపోయింది. అక్కడ ఫుట్‌పాత్ ఎత్తుగా ఉంటుంది, దాని అంచురాయికి తల తగిలింది. హెల్మెట్టు ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది, నిండా దారపు రీళ్ళతో.

ప్రాణం దక్కింది. మాట పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, ఎవరు ఎవరో పోయింది. "వచ్చిందేదో వచ్చేసిందమ్మా. ఇక రాలేనిది రాదు" అన్నాడు డాక్టరు, చాలా మంచివాడు కాబట్టి సూటిగా. తమ్ముడు పోలీసులకు జరిగింది జరిగినట్టు చెప్పాడు, తప్పు తనదేనన్నాడు, వేసిన జరిమానా కట్టాడు. ఇకపై చెప్పే పాఠంలో మున్సిపాలిటీ ఒక కొత్త వాక్యం చేర్చింది: క్యారియరుపై మనుషులను ఎక్కించుకోరాదు, ఇటీవల ఒక మహిళ తీవ్రంగా గాయపడినది. ఆ వాక్యాన్ని బడి బడికీ వెళ్ళి చదవాల్సింది అక్కే. చదువుతోంది. పుచ్చకాయ పాఠం మాత్రం మానేసింది. పిల్లలు అడుగుతున్నారు.

ఆసుపత్రి వరండాలోనే ఆమె తమ్ముడితో అనాల్సిన చివరి మాట అనేసింది. "నీ ముఖం నాకు చూపించకు." ఆ వారమే ఈ గది అద్దెకు తీసుకుంది.

* * *

వ్యాను పాత ఇంటి ముందు ఆగింది. గుమ్మం పక్కన టార్పాలిన్ కప్పిన బండి ఉంది. టార్పాలిన్ కింది నుంచి ఒక తాడు వేలాడుతోంది, రంగురంగుల మెత్తది. అక్క అటు చూడకుండా లోపలికి నడిచింది.

ముందుగదిలో తమ్ముడు మంచం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అమ్మ రెండు చేతులనూ తన భుజాల మీద వేసుకున్నాడు. ఒక చెయ్యి ఆమె నడుం చుట్టూ. లేపడానికి అంతా సిద్ధం. కానీ లేపడం లేదు. కదలకుండా అలాగే ఉండిపోయాడు. అమ్మ గోడకేసి చూస్తోంది.

"ఏం చేస్తున్నాడు వాడు?" అని మరదల్ని అడిగింది అక్క. తమ్ముడికి సంబంధించిన ప్రశ్నలన్నీ ఇప్పుడు మరదలి మీదుగానే వెళ్తాయి.

"ఆగుతున్నాడు వదినా. తట్టేదాకా లేపడు."

అమ్మ ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. తమ్ముడి భుజం మీద రెండుసార్లు పడింది. అప్పుడు అతను ఆమెను లేపి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు, కాళ్ళు సర్దాడు, మూతి తుడిచాడు.

అక్క ఒక అడుగు ముందుకేసింది. "గుర్తుపట్టిందా?"

"లేదు వదినా. డాక్టరునీ అడిగాం. ఉత్త అలవాటేనట. ఆ చెయ్యి గోడ మీద పెట్టినా తడుతుంది, దిండు మీద పెట్టినా తడుతుంది. ఈయనకు మాత్రం అది పడందే కాలు లేవదు. ఒక్కోసారి చాలాసేపు తట్టదు. ఈయన అలాగే గొంతుక్కూర్చుని ఉంటాడు. షాపులో లేటని తిట్లు. ఇప్పుడు నడిచే కదా వెళ్తున్నాడు." మరదలు మాట్లాడుతూనే ఒక సంచీ తెచ్చి అక్క ముందు పెట్టింది. "బట్టలు. మందులు పైన పెట్టాను. జావ పలచగా ఉండాలి, చెంచా ఎడమవైపు నుంచి పెట్టాలి. కుడివైపు పెడితే దవడలోనే ఉండిపోతుంది."

"అమ్మను పంపిస్తావన్నమాట, నువ్వు."

"నిజం చెప్పనా వదినా?" మరదలి కళ్ళ కింద నల్లటి చారలు. "పంపిస్తే నాకు ఊపిరొస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగం పోయింది. తిన్నదేంటో, పడుకున్నదెప్పుడో నాకు గుర్తుండట్లేదు. నువ్వు తీసుకెళ్తానంటే నీ కాళ్ళు మొక్కుతా. కానీ ఆయన్నడుగు."

"వాడిని అడిగేదేంటి? నేను కూతుర్ని."

తమ్ముడు కుర్చీ వెనక నిలబడి పిడులు గట్టిగా పట్టుకున్నాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి తిన్నగా అక్కతో మాట్లాడాడు. "అమ్మను తీసుకెళ్ళకక్కా."

"నాతో మాట్లాడకు."

"మాట్లాడను. తీసుకెళ్ళకు."

"ఎందుకు తీసుకెళ్ళకూడదు? మళ్ళీ ఎక్కడైనా పారేసుకోవడానికి ఉంచాలా నీ దగ్గర?" అక్క గొంతు పెరిగింది. వీధిలో వ్యాను డ్రైవరు పాట ఆపేసి ఇటు చూశాడు. "మెడ తిప్పి వెనక్కి చూడ్డానికి ఎంతసేపు పట్టేదిరా? ఎంతసేపు?"

"ఎంతోసేపు పట్టదు."

"మరి చూడలేదేం?"

"చూడలేదు."

"లోకమంతా తిరిగి చెప్పాను. ఒక బండికి ఒక్కరేనని. పరాయి పిల్లలు విన్నారు, వాళ్ళకు నేను నచ్చజెప్పగలిగాను. నా తోడబుట్టినవాడికి నా మాటంటే నవ్వులాట. నవ్వి నవ్వి అమ్మను రాయికేసి కొట్టావు!"

"అవునక్కా."

"అన్నింటికీ అవునంటావేంటి? ఏదో ఒకటి అను! నీకు నోరు లేదా?"

"ఆయనకు లేదు. నాకుంది" అంది మరదలు.

తమ్ముడు చటుక్కున తలెత్తాడు. "నువ్వు లోపలికి పో."

"పోను. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను, నువ్వు ఒట్టు పెట్టించుకున్నావని. ఆవిడొచ్చి నిన్ను హంతకుణ్ణి చేసి పోతుంటే ఇంకా ఎన్నాళ్ళు మూసుకోను?" మరదలు అక్క వైపు తిరిగింది. ఆమె గొంతు పెద్దగా లేదు. అదే భయంగా ఉంది. "వదినా, ఆ రోజు కూడలిలో పోలీసులున్నారా?"

అక్క చూపు వీధిలోని వ్యాను మీదికి పోయింది.

"ఒక్కడూ లేడు. ఈయన రోడ్డు మధ్యలో నిలబడి అరిస్తే, వంతెన దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చారు. ఆ వారమంతా మా డ్యూటీ వంతెన దగ్గరే, మున్సిపాలిటీ వాళ్ళకు ముందే చెప్పాం కదా అన్నాడు అందులో ఒకాయన. అంటే అత్తయ్య అక్కడ ఊరికే దిగింది. ఊరికే నడిచింది. ఎవరూ లేని చోట. వంతెన దగ్గర దిగుంటే అక్కడ అంతా చదునేగా వదినా? అంచురాయే లేదుగా? ముందు రాత్రి ఈయన నిన్ను అడిగాడు. నువ్వేం చెప్పావు?"

"ఇక చాలు" అన్నాడు తమ్ముడు.

అక్కకు ఆ రాత్రి మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. రాకూడదని ఇన్నాళ్ళూ ఆమె దాని మీద ఎన్ని మూటలు పేర్చిందో, అన్నీ పక్కకు దొర్లాయి. ఆ రోజు బడిలో రెండు జడల పిల్ల ఒకతి లేచి అడిగింది. "అక్కా, మీ ఇంట్లో అందరూ రూల్సు పాటిస్తారా?" పాటిస్తారంది. అన్నాక ముఖం కాలిపోయింది. ఇంటికొస్తూ దారి పొడుగునా గట్టిగా అనుకుంది, ఇకమీదట చెప్పను, పట్టుబడితే పట్టుబడతారు, అప్పుడైనా బుద్ధొస్తుంది. భోజనాల దగ్గర తమ్ముడు అడిగాడు, "రేపు ఎక్కడక్కా?" ఆమె గ్లాసు కింద పెట్టి, "నాకు తెలీదు. ఇంకెప్పుడూ నన్నడక్కు" అంది. అమ్మ నవ్వింది. "తెలీకపోతే కూడలే అనుకుందాంలేరా. నాలుగడుగులు నడిస్తే అరిగిపోతానా" అంది.

అక్క జీవితంలో రూలు ప్రకారం తన ఇంట్లో నిలబడింది ఆ ఒక్క రాత్రే.

గోడకు ఆనుకుంది. "నాకు తెలుసురా" అంది. పిలుపు దానంతటదే వచ్చేసింది. "వంతెన దగ్గరని తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆ పోలీసాయన అన్నప్పట్నుంచి. అంబులెన్సులో."

"ఆసుపత్రి వరండాలో నేను నిన్ను... అన్ని మాటలంటుంటే కూడా తెలుసా?"

తమ్ముడు అమ్మ భుజం మీది శాలువా సర్దాడు. "తెలుసు."

"మరి ఎందుకనలేదురా? ఒక్క మాట అనుంటే నా నోరు పడిపోయేదిగా!"

"అంటే ఏమొస్తుంది? అమ్మ లేచి కూర్చుంటుందా?" అతను కుర్చీ పిడులు మళ్ళీ పట్టుకున్నాడు. "నువ్వు చెప్పకపోవడం తప్పు కాదక్కా. చెప్పిన రోజులే తప్పు. అడిగినవాడు నేను. బండి నాది, చూడనిది నేను. నేనెలాగూ మునిగాను. నన్ను తిట్టుకుంటూనైనా నువ్వు పడుకుంటావు కదా అనుకున్నా. ఇద్దరికీ నిద్ర లేకపోతే అమ్మను చూసేదెవరు?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్నచోటే కూలబడి ఏడ్చింది. ఏడుపు ఆపాలని కూడా ఆమెకు తోచలేదు. మరదలు వచ్చి పక్కన కూర్చుంది. అన్న మాటకు ఆమెకు పశ్చాత్తాపం లేదు, అన్నందుకు తేలికా పడలేదు. తమ్ముడు మాత్రం కుర్చీ వదల్లేదు. అమ్మ ఈ ముగ్గురినీ దాటి గుమ్మం వైపు చూస్తోంది. పెదవి మూల నుంచి జావ చుక్క ఒకటి కారింది. గాలికి టార్పాలిన్ కొట్టుకుంటే ఆ చప్పుడుకు రెప్ప వేసింది. అంతకు మించి ఆ గదిలో జరుగుతున్నది ఏదీ ఆమెకు చేరలేదు.

"అమ్మా" అంది అక్క నేల మీద నుంచే. "అమ్మా, నేను. నీ రూల్సుని. ఒక్క తిట్టు తిట్టవే."

అమ్మ చూపు ఆమె మీదుగా జరిగి మళ్ళీ గుమ్మం దగ్గరికి పోయింది.

వీధిలోంచి హారను మోగింది. "అమ్మా, ఎక్కిస్తున్నారా? నాకింకో బేరం ఉంది" అని అరిచాడు డ్రైవరు.

అక్క లేచింది. ముఖం తుడుచుకుంది. సంచీ వైపు చూసింది, కుర్చీ పిడుల మీదున్న తమ్ముడి చేతుల వైపు చూసింది. మంచం కిటికీ దగ్గర వేసి వచ్చింది. గుమ్మం చదును చేయించింది. అక్కడికి తీసుకెళ్తే మరదలికి ఊపిరొస్తుంది, అది నిజం. కానీ ఆ భుజం మీద ఆ చెయ్యి పడకపోతే వీడు బతకడు, అదీ నిజం. అమ్మకు మాత్రం ఎక్కడైనా ఒకటే. అన్నింటికంటే అక్కను కుంగదీసింది ఆ మూడోదే.

"నువ్వు వెళ్ళిపోవయ్యా" అంది గుమ్మంలో నిలబడి. "రానూపోనూ కిరాయి ఇస్తాలే. ఎవరూ రావట్లేదు."

వెనక్కి వచ్చి మరదలి ముందు నిలబడింది. "రేపటి నుంచి నేనిక్కడే ఉంటా. సాయంత్రాలు నావి. నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి మళ్ళీ అడుగు."

"ఆ సీట్లో వేరే అమ్మాయిని పెట్టుకున్నారు వదినా."

"ఇంకెక్కడైనా అడుగు."

మరదలు తలూపింది. ఆ ఊపులో ఆశేమీ లేదు. సంచీ విప్పి బట్టలు మళ్ళీ అలమారలో పెట్టడం మొదలుపెట్టింది. మేకుకున్న హెల్మెట్టు ఆమె భుజానికి తగిలి ఊగింది, లోపల రీళ్ళు కదిలాయి. ఆ రీళ్ళను ఇంతవరకూ ఎవరూ తీయలేదు.

"పడుకోబెట్టాలక్కా. ఎక్కువసేపు కూర్చోలేదు" అన్నాడు తమ్ముడు. "కుడివైపు నువ్వు పట్టుకుంటావా? ఒక్కణ్ణే ఎత్తుతుంటే నడుం పట్టేస్తోంది."

అక్క వచ్చి కుర్చీకి కుడివైపు గొంతుక్కూర్చుంది. తమ్ముడు ఎడమవైపు. అతను అమ్మ ఎడమ చేతిని తన భుజం మీద వేసుకున్నాడు. అది చూసి అక్క కుడి చేతిని తన భుజం మీదికి తీసుకుంది. ఆ చెయ్యి బరువుగా, చల్లగా ఉంది. వేళ్ళ మీద సూది గుచ్చుకున్న పాత చుక్కలు ఇంకా ఉన్నాయి.

ఇద్దరూ ఆగారు. వీధిలో వ్యాను చప్పుడు దూరమైంది. చిన్నప్పుడు వర్షంలో ఒకే గొడుగు కింద ఇరుక్కున్నట్టు, అమ్మకు చెరో పక్కన, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

చాలాసేపటికి అమ్మ ఎడమ చెయ్యి లేచింది. తమ్ముడి భుజం మీద రెండుసార్లు పడింది.

తమ్ముడు లేవబోయి, పక్కకు చూసి ఆగిపోయాడు. అక్క కళ్ళు మూసుకుని ఉంది. కుడి చెయ్యి ఆమె భుజం మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె ఇంకా ఎదురుచూస్తోంది.